గొళ్ళెం చప్పుడు

కిందటి వారం మన అక్కని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? తమ్ముడూ మరదలూ కలిసి చేసిన ఆట మీద తన అభిప్రాయం పంపేసి, కుర్చీలో వెనక్కి వాలి, "తిక్క కుదిరింది" అనుకుంటూ ఉండగా వదిలేశాం. ఎవరి తిక్క కుదిరిందో ఈ వారం తేలుతుంది.

ఇవాళే కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. అక్కా తమ్ముడూ చిన్నప్పటినుంచీ కంప్యూటర్ ఆటలు కలిసి చేసినవాళ్ళు. ఆవిడ ప్రోగ్రామ్ రాస్తుంది, వాడు చప్పుళ్ళు చేస్తాడు. ఏటా ఒక గేమ్ జామ్ జరుగుతుంది. అంటే పది రోజుల్లో ఒక ఆట మొదలెట్టి, పూర్తిచేసి, అందరి ముందూ పెట్టే పోటీ. అందులో ఎప్పుడూ వీళ్ళిద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండేవి. ఈ ఏడు తమ్ముడు తల గోక్కుంటూ వచ్చి, "ఈసారికి నేను తనతో చేస్తానక్కా" అన్నాడు. తను అంటే పెళ్ళాం. "చేసుకోరా, నాకేం?" అంది అక్క. ఆ 'నాకేం' వెనక ఎంత మంట ఉందో కిందటి భాగాల్లో చూస్తూనే వచ్చాం.

ఈ ఏటి జామ్‌లో అందరికీ ఇచ్చిన విషయం డంజన్ క్రాలర్. నేలమాళిగ ఆట అనుకోండి. చీకటి గదులు, వంకర దారులు, మూలకో భూతం, అంతస్తు తర్వాత అంతస్తు కిందికి దిగుతూ పోవడం. ఆటలు పెట్టాక ఓ వారంపాటు పోటీదారులే ఒకరి ఆట ఒకరు ఆడి, మార్కులు వేసి, మంచీ చెడూ రాయాలి. రాసినవాళ్ళ పేరు అప్పటికి కనబడదు. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి తెర తీస్తారు, ఎవరు ఎవరి మీద ఏం రాశారో బయటపడుతుంది. ఈలోగా ఎవరు రాసింది వాళ్ళు దిద్దుకోవచ్చు. గెలిచిన ఆటని ఒక స్టూడియో తీసుకుంటుంది. చేసినవాళ్ళు ఏడాదిపాటు అక్కడే కూర్చుని దాన్ని పూర్తిస్థాయి ఆటగా చేసుకోవచ్చు.

అక్క రాసింది ఇదీ: "గదులన్నీ ఖాళీ. ఏమీ కనబడదు, ఏమీ జరగదు. మూడో అంతస్తులో తిరిగిన చోటే తిరగడం తప్ప ఇంకేం లేదు. సగంలో వదిలేసిన పని." దాని పక్కన అన్నిటికంటే తక్కువ మార్కు. ఆ ఆటకి వచ్చిన మొట్టమొదటి అభిప్రాయం అదే. మొదటి మార్కు అలా పడిందంటే ఆట జాబితాలో అడుక్కి జారిపోతుంది, ఆ తర్వాత దాని మొహం చూసేవాడుండడు. అది అక్కకి తెలియక కాదు.

ఒక్క సంగతి మాత్రం మీ దగ్గర దాచాను. ఆ ఆట మొదటి గదిలో అక్క ఒక పని చేసింది. అది ఆవిడ తనకి తనే చెప్పుకోలేదు, ఇక మనకేం చెబుతుంది!

ఆ ఆఖరి రోజు ఇవాళే. ఆదివారం మధ్యాహ్నం. పక్కగదిలో అక్క మొగుడు వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆయన బళ్ళో భూగోళం చెబుతాడు కాబట్టి ఇంటా బయటా అందరికీ మాస్టారే. అక్క ఈసారి ఒంటరిగా చేసి పోటీకి పెట్టిన తన ఆట మీద వచ్చిన అభిప్రాయాలు ఎన్నోసారో మళ్ళీ చదువుకుంటోంది.

తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. అదే ఆవిడ బాధ. "నీట్‌గా ఉంది." "ఎక్కడా ఆగిపోలేదు, అభినందనలు." "మ్యాప్ బాగుంది." ఆఫీసులో ఆవిడ పార్కింగ్ గేట్లకి ప్రోగ్రామ్ రాస్తుంది. బండి వస్తే కర్ర లేవాలి, వెళితే దిగాలి. ఆ గేట్లని కూడా జనం ఇలాగే మెచ్చుకుంటారు. తమ్ముడు పక్కనున్న రోజుల్లో వచ్చే అభిప్రాయాలు ఇలా ఉండేవి కావు. "ఆ తలుపు వెనక ఏదో ఊపిరి పీల్చింది, నేను కుర్చీ మీంచి లేచిపోయాను" అని రాసేవాళ్ళు.

అన్నిటికంటే పొడుగ్గా ఉన్న అభిప్రాయం ఒకటుంది. దాన్ని చదివినప్పుడల్లా అక్కకి ఒళ్ళు మండిపోతోంది. "ప్రోగ్రామ్‌లో వంక పెట్టడానికి లేదు. కానీ చప్పుళ్ళు ఎక్కడినుంచో అద్దెకి తెచ్చి పెట్టారు. గది చిన్నదైనా పెద్దదైనా అడుగు ఒకేలా వినబడుతోంది. ఈ ఆటలో ఉండాల్సిన మనిషి ఒకరు లేరు. ఆ లోటు ప్రతి గదిలోనూ తెలుస్తోంది."

"చూడండి ఎంత పొగరో!" అంది అక్క, గోడ అవతలికి వినబడేలా. "ఎవరు రాశారో నాకు తెలీదనుకుంటోంది."

"ఎవరూ?" అన్నాడు మాస్టారు.

"ఇంకెవరు? ఆ చెవుల డాక్టరు!"

మరదలు డాక్టరేమీ కాదు. చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, సన్నటి చప్పుళ్ళు వినిపించి, వినబడితే చెయ్యెత్తమంటుంది. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి విని మొదట ముచ్చటపడింది అక్కే. "మావాడికి సరైన జోడీ" అని నలుగురికీ చెప్పుకుంది కూడా. ఇంత సరైన జోడీ అవుతుందని అప్పుడు తెలీదు మరి.

బెల్ మోగింది. మాస్టారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి వెళ్ళి తలుపు తీశాడు.

"రా చెల్లెమ్మా, రా. ఇప్పుడే నిన్ను తలుచుకున్నాం. నిండు నూరేళ్ళు! మావాడేడీ?"

"పొద్దున్నే మైకు పట్టుకుని ఎక్కడికో వెళ్ళారు అన్నయ్యగారూ. ఫోను కూడా తియ్యట్లేదు. వదిన ఉన్నారా?"

మరదలు చంకలో లాప్‌టాప్, మెడలో పెద్ద నల్ల హెడ్‌ఫోన్లు. ఆ హెడ్‌ఫోన్లు చూడగానే అక్క మనసు చివుక్కుమంది. అవి తమ్ముడివి. అక్క తన మొదటి జీతంలో కొనిచ్చినవి. వాడు వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, చివరికి అక్కని కూడా.

"కూర్చో అమ్మాయ్. టీ తాగుతావా?" గొంతులో తేనె పోసుకుని అడిగింది అక్క.

"వద్దు వదినా. మీ దగ్గరికి ఒక సాయం కోసం వచ్చాను. ఇలాంటి పోటీలు మీరు బోలెడు చూశారు. నాకిదే మొదటిది. మా ఆటకి ఒక అభిప్రాయం వచ్చింది చూడండి, ఖాళీ గదులు అని..."

"అవునా? నేను చూడనే లేదు." ఏమాత్రం తడుముకోకుండా అబద్ధమాడేసింది అక్క. "ఇలాంటివన్నీ మనసుకి పట్టించుకోకూడదమ్మా. మొదటిసారి కదా, అందరికీ దెబ్బలు తగులుతాయి. నేనెన్ని తినలేదు?"

"దెబ్బ తగిలినందుకు కాదు వదినా. ఎక్కడ తగిలిందో తెలుసుకుందామని." మరదలు లాప్‌టాప్ తెరిచి బల్లమీద అక్క వైపు తిప్పింది. "క్లినిక్‌లో మాకు వినబడిన చోటు కన్నా వినబడని చోటే ముఖ్యం. మనిషి ఎక్కడ చెయ్యెత్తలేదో అక్కడ గుర్తు పెట్టుకుంటాం. ఆటలోనూ అలాంటిదే పెట్టాను. ఆడినవాళ్ళు ఎక్కడ నడిచారు, ఎక్కడ ఆగారు, సౌండు ఎంత పెట్టుకున్నారు, అన్నీ అడుగుజాడల్లా నాకు తిరిగి వస్తాయి. పేరు మాత్రం రాదు. ఒక చుక్క నడుస్తూ కనబడుతుంది, అంతే."

అక్క తను ఆడిన దారంతా మనసులో ఒకసారి తిరిగొచ్చింది. పైకి మాత్రం "ఓహో, భలే ఆలోచనే" అంది.

"ఇదిగో, ఆ అభిప్రాయం రాసినవాళ్ళ చుక్క. అప్పటికి మా ఆట ఆడింది వీళ్ళొక్కరే కాబట్టి వీళ్ళదేనని తెలుసు."

నల్లటి తెర మీద తెల్లటి చుక్క. నేలమాళిగ మొదటి గది. మరదలు హెడ్‌ఫోన్ల తీగ పీకేసింది, గది మొత్తానికీ వినబడేలా. చుక్క తలుపు దగ్గరికి వెళ్ళింది. గొళ్ళెం మెల్లగా జరిగింది. కిర్రుమని సాగి సాగి, చివర 'టక్'మనబోయే ముందు చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. తెర మూల సౌండు ఎంతుందో చూపించే గీత అడుక్కి పడిపోయింది. చుక్క అక్కడే చాలాసేపు కదలకుండా నిలబడింది.

ఇదీ అక్క మొదటి గదిలో చేసిన పని. ఇక దాచడానికి ఏముంది!

"ఎవరో ఆఫీసులో ఆడి ఉంటారు" అంది అక్క. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "లేకపోతే పక్కన చంటిపిల్ల పడుకుని ఉంటుంది. అందరూ చెవులకి డిప్పలు తగిలించుకుని కూర్చోరమ్మా. చప్పుడు లేకుండా ఆడొద్దని మొదట్లోనే రాయాల్సింది."

"రాశాం వదినా. మొదటి తెర మీద ఆ ఒక్క ముక్కే ఉంది."

అక్క కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"అదీగాక, మొదట్నుంచే సౌండు తీసేసి ఉంటే నేనూ ఆఫీసే అనుకునేదాన్ని. వీళ్ళు విన్నారు. గొళ్ళెం సగం జరిగేదాకా విన్నారు, అప్పుడు నొక్కేశారు. ఆ చప్పుడులో ఏం తప్పుందో నాకు అర్థం కావట్లేదు. చెవికి నొప్పిగా ఉందా? మరీ గట్టిగా ఉందా? మీరు చెప్పండి."

చుక్క మళ్ళీ నడక మొదలెట్టింది. సౌండు లేదు కాబట్టి దానికి దారి తెలీదు. ఎడమవైపు గోడకి అతుక్కుని, ప్రతి మూలా తడుముకుంటూ పోతోంది. రెండో గది, మూడో గది, మెట్లు. ఎదురుగా దారి తెరిచి ఉన్నా అటు పోదు, గోడ వదలదు.

సరిగ్గా అప్పుడే మాస్టారు ఇస్త్రీ చొక్కా హ్యాంగర్‌కి తగిలించుకుని ఇటు వచ్చాడు. తెరమీద దారులు కనబడితే ఆయన ఊరుకోగలడా? భూగోళం మాస్టారాయె. వంగి చూశాడు.

"ఎవరే ఈ చుక్క? అచ్చం నీలాగే నడుస్తోందే!" అని పకపకా నవ్వాడు. "చూశావా చెల్లెమ్మా, మీ వదిన సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా ఇంతే. ఎడమ గోడ పట్టుకుని కొట్టంతా చుట్టేస్తుంది గానీ, ఎదురుగా ఉన్న సబ్బు దగ్గరికి తిన్నగా పోదు."

ఆ నవ్వులో ఇంకెవరూ కలవలేదు. మాస్టారు ఒకసారి పెళ్ళాం మొహం చూశాడు, ఒకసారి చెల్లెమ్మ మొహం చూశాడు. నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలీక చొక్కా వైపు చూశాడు.

"నాకు తెలుసు అన్నయ్యగారూ" అంది మరదలు నెమ్మదిగా. "పోయిన నెల అందరం కలిసి కొట్టుకి వెళ్ళినప్పుడు నేనూ చూశాను."

"ఇస్త్రీపెట్టె మాడుతున్నట్టుంది" అంటూ మాస్టారు మాయమయ్యాడు.

అక్క లేచి నిలబడింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. పట్టుబడ్డ మనిషికి సిగ్గు ముందు రావాలి. మన అక్కకి కోపం వచ్చింది.

"అయితే తెలిసే వచ్చావన్నమాట. సాయమని, సలహా అని, అమాయకురాలిలా మొహం పెట్టి! అవును, నేనే. ఏం చేస్తావిప్పుడు?"

"ఏం చెయ్యను. ఎందుకు ఆపారో చెప్పండి చాలు."

"ఆ గొళ్ళెం ఎవరిదో తెలుసా నీకు? మా ఇంట్లో మేడమెట్ల కింద గదిది. వాడికప్పుడు చీకటంటే చచ్చేంత భయం. నాన్నగారి టేప్ రికార్డర్ ఎత్తుకెళ్ళి, ఆ గదిలో దూరి, గొళ్ళెం పెట్టుకుని, ఇద్దరం ఊపిరి బిగబట్టి పట్టిన చప్పుడది. మా ఇద్దరి మొదటి చప్పుడు. ఇన్నేళ్ళూ మేం చేసిన ప్రతి ఆటా దాంతోనే మొదలైంది. ఈసారి అడిగాను వాణ్ణి, ఆ ఒక్కటి ఇవ్వరా నా ఆటకి అని. 'ఇంకోటి చేసిస్తాలే అక్కా' అన్నాడు. తీరా చూస్తే నీ గుమ్మానికి తగిలించాడు!"

"ఆయన మీకు ఇవ్వనన్నారా?" మరదలు మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనబడింది. "నాకు చెప్పలేదే."

"ఎందుకు చెబుతాడు? నీకు అన్నీ అడక్కుండానే ఇస్తాడు. హెడ్‌ఫోన్లూ నీకే, గొళ్ళెమూ నీకే, ఆదివారాలూ నీకే. ఇదివరకు ఆదివారమంటే వాడు ఇక్కడ, ఈ బల్ల దగ్గర ఉండేవాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే 'పనిలో ఉన్నానక్కా' అంటాడు. ఏం పని? నీతో పని. నాకు కుళ్ళుగా ఉంది, సరేనా? మీరిద్దరూ తల తలా ఆనించుకుని కూర్చుని, మా చప్పుడు వింటూ ఉంటారని తలుచుకుంటేనే కడుపు రగిలిపోతోంది. అందుకే నొక్కేశాను. చాలా? పైగా నా ఆటకి చెవులు లేవని నువ్వు రాస్తావా?"

"నేనా? నేను మీ ఆట మీద ఒక్క అక్షరం రాయలేదు వదినా. ఇంట్లోవాళ్ళ ఆట మీద రాయకూడదని నాకు నేనే పెట్టుకున్నాను."

"మరి 'ఉండాల్సిన మనిషి ఒకరు లేరు' అని రాసిందెవరు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ అక్కకి అర్థం కాలేదు. అది పొగరు కాదు, బెంగ. రాసింది తమ్ముడు, తన గురించే రాసుకున్నాడు. అక్క మెల్లగా మళ్ళీ కుర్చీలో కూలబడింది.

మరదలు మాత్రం ఇప్పుడు లేచింది. ఇంతసేపూ అణిచిపెట్టుకున్నది ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"కుళ్ళు మీకొక్కరికే అనుకుంటున్నారా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఆయన ఏ కబురు మొదలెట్టినా 'అక్కా నేనూ' అనే మొదలవుతుంది. వర్షం పడితే అక్కా నేనూ. కరెంటు పోతే అక్కా నేనూ. నాకు చిన్నతనం లేదా? ఎప్పుడైనా అడిగారా? పోనీ నాదంటూ ఒకటి చేసుకుందామని ఈ ఆట మొదలెట్టాను. కళ్ళతో కాకుండా చెవులతో ఆడే నేలమాళిగ. ఈ ఆలోచన నాది వదినా. క్లినిక్‌లో రోజూ చూసే మనుషుల్లోంచి పుట్టింది. దానికోసం జీతం లేని సెలవు పెట్టాను. కానీ చుట్టాలందరికీ అది 'మీ ఆయన ఆట'. మీకూ అంతే, 'వాడి ఆట'. సరే, పడ్డాను. తీరా పూర్తయ్యాక చూస్తే, అందులోనూ మీరే ఉన్నారు."

"నేనా? నేనెక్కడున్నాను?"

"గొళ్ళెం 'టక్' అనేదాకా ఆగి ఉంటే తెలిసేది."

మరదలు లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

"ఆరింటికి తెర తీస్తారు. మీ పేరు ఆయన చూస్తారు. అడుగుజాడలు నేనింకా ఆయనకి చూపించలేదు. మీరు రాసింది చదివారంతే. 'పోనీలే' అన్నారు. ఆ రోజునుంచీ మనిషి మనిషిలా లేరు. మిమ్మల్ని దిద్దమని అడగడానికి రాలేదు వదినా, జాలిపడి ఇచ్చే మార్కు నాకొద్దు. విని, అప్పుడు బాగాలేదనండి, నోరు మూసుకుని పడతాను. వినకుండా అన్నారే, అదే నా వల్ల కావట్లేదు."

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. దభీమని వేసి ఉంటే అక్కకి కాస్త సుఖంగా ఉండేది.

చాలాసేపు అక్క ఆ హెడ్‌ఫోన్ల వంక చూస్తూ కూర్చుంది. మాస్టారు గుమ్మంలోంచి తొంగిచూసి, ఒక కప్పు టీ బల్లమీద పెట్టి పోయాడు. చివరికి అక్క వాటిని తీసుకుని చెవులకి పెట్టుకుంది. తన కంప్యూటర్లో ఆట తెరిచింది. మొదటి తెర మీద నిజంగానే ఒక్క ముక్కే ఉంది: "చప్పుడు లేకుండా ఆడకండి." ఆ రోజు దాన్ని చూసి మూతి తిప్పుకుంది ఈవిడే.

మొదటి గది. గొళ్ళెం కిర్రుమని సాగింది. అక్క వేలు అలవాటుగా సౌండు గీత మీదికి పోబోయింది. వెనక్కి లాక్కుని, పిడికిలి బిగించుకుంది.

టక్.

ఆ వెంటనే చీకట్లో ఒక ఆడపిల్ల గొంతు. పాత టేపు బరబర. "భయం వేస్తోందా? ఎడమ గోడ పట్టుకోరా. నేనున్నాగా."

అక్కకి ఒక క్షణం ఆ పిల్ల ఎవరో తెలియలేదు. తెలిశాక హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుంది. ఆ రోజు మేడమెట్ల కింద గదిలో, టేపు ఇంకా తిరుగుతూ ఉండగా, ఏడుపు మొహం పెట్టిన తమ్ముడికి తను చెప్పిన మాట అది. ఆ మాట రికార్డయిందని తనకే తెలీదు. వాడు ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. గొళ్ళెం చప్పుడు ఎందుకు ఇవ్వనన్నాడో ఇప్పుడు తెలిసింది. దాని తోకని పట్టుకుని ఈ గొంతు ఉంది. అక్కకి తెలియకుండా, అక్కకి వినిపించాలని దాచిపెట్టాడు.

ఆవిడ ఖాళీ అన్న గదులు ఖాళీగా లేవు. ఎదర ఎక్కడో నీటి చుక్క పడుతోంది, అంటే అక్కడ గుంట ఉంది. కుడివైపు ఊపిరి వినబడుతోంది, అంటే అటు పోకూడదు. గది పెద్దదయ్యేకొద్దీ తన అడుగు చప్పుడు ఆలస్యంగా తిరిగొస్తోంది. ఇందులో తమ్ముడి చెయ్యి ఎక్కడుందో అక్కకి తెలుస్తోంది. వాడిది కానిది కూడా తెలుస్తోంది. ఏ చప్పుడు ముందు వినబడాలి, ఏది ఇంకా సన్నగా ఉండాలి, ఎక్కడ పూర్తిగా ఆపేసి మనిషిని వణికించాలి, ఆ పనితనమంతా మరదలిది. అది ఒప్పుకోవడానికి అక్కకి ప్రాణం పోయినంత పనయింది. అయినా ఒప్పుకుంది. ప్రతి మలుపులోనూ ఆ ఆడపిల్ల, "ఎడమ గోడ పట్టుకో" అంటూనే ఉంది.

మూడో అంతస్తు. ఆ రోజు తిరిగిన చోటే తిరిగింది ఇక్కడే. అక్క ఎడమ గోడ పట్టుకుని నడిచింది. ఒక చుట్టు తిరిగేసరికి పిల్ల గొంతు సన్నబడింది. మళ్ళీ తిరిగితే ఇంకా సన్నబడింది. తను గోడ అనుకుంటున్నది గోడ కాదు, గది మధ్యలో ఉన్న పెద్ద రాతి దిమ్మ. దాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు తిరిగినా బయటపడేది లేదు. చివరికి పిల్ల గొంతు పూర్తిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, చీకటి అవతలి నుంచి ఒక మగగొంతు పిలిచింది. ఇప్పటి గొంతు.

"అక్కా, ఇంక గోడ వదిలెయ్. ఇటు నేనున్నా."

అక్క ఏడ్చేసింది. వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఏడుస్తూనే గోడ వదిలేసి, ఏమీ లేని చీకట్లోకి ఆ గొంతు వైపు నడిచింది. తలుపు తెరుచుకుంది. వెలుతురులో మూడు వరుసలు కనబడ్డాయి. ఆలోచన, దారులు: అని మరదలి పేరు. చప్పుళ్ళు: అని తమ్ముడి పేరు. మూడో వరుసలో, చీకట్లో గొంతు: మా అక్క.

గడియారం చూసింది. ఆరు కావడానికి ఇంకా కొంచెం టైముంది. చెంపలు తుడుచుకుని, గబగబా పాత అభిప్రాయం చెరిపేసి కొత్తది రాయడం మొదలెట్టింది. చప్పుడు ఆపేసి ఆడానని మొదటి వాక్యంలోనే రాసింది. ఎందుకో కూడా రాసింది. ప్రతి అంతస్తులో ఏది బాగుందో రాసింది. ఎంతైనా మన అక్క కదా, మూడో అంతస్తులో పిల్ల గొంతు ఇంకాస్త ముందే సన్నబడాలి, రెండో గదిలో నీటి చుక్క మరీ దగ్గరగా వినబడుతోంది అని కూడా రాసింది. జాలి మార్కు వద్దంది కదా మరదలు. ఇది జాలి మార్కు కాదు. పంపే బొత్తాం నొక్కింది.

పోలేదు. మళ్ళీ నొక్కింది. తెర మీద వేరే పేజీ వచ్చింది.

"ఈ ఆట పోటీలో లేదు. తయారుచేసినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు."

దాని కింద కారణం రాసే పెట్టెలో తమ్ముడి మాటలు: "మూడో అంతస్తులో తిరిగిన చోటే తిరిగేది ఎడమ గోడ వదలని మనిషొక్కరే. అలా నడిచే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆ గొంతు ఆవిడ వినాలనే దాచాను. ఆవిడ వినలేదు. ఆరింటికి ఆవిడ పేరు అందరి ముందూ పడటం నాకిష్టం లేదు. ఆట తీసేస్తే ఆ పేరు పడదు."

అడుగుజాడలు ఎవరూ చూపించక్కర్లేకపోయింది. రాసిన మొదటి రోజే వాడికి తెలుసు. తెలిసి, ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు, అక్క దిద్దుతుందేమోనని.

తమ్ముడికి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. ఇంకోసారి చేసింది. అదే. ఆ ఫోన్ బల్లమీద పెట్టేలోపే మోగింది. మరదలు.

"వదినా, బస్సులో ఉన్నాను." వెనకాల హారన్లు, కండక్టరు కేకలు. మధ్యలో మరదలి గొంతు, ఎంత వద్దనుకున్నా ఆశ దాచుకోలేకపోతోంది. "విన్నారా?"

"విన్నాను."

"చివరిదాకా?"

"చివరిదాకా విన్నానమ్మా."

మరదలు చిన్నగా నవ్వింది, ఏడుస్తూ నవ్వినట్టుంది. "అయితే ఇప్పుడు చెప్పండి. బాగుందో లేదో మీ నోటితో చెప్పండి, ఏమీ అనుకోను. ఆరింటికి ఆయనా నేనూ కలిసి చూడాలని పరిగెడుతున్నాను. ఇంకా టైముందిగా?"

ఆట లేదని ఆ పిల్లకి తెలీదు. తన సెలవు, తన ఆలోచన, గెలిస్తే స్టూడియోలో దొరికే ఏడాది, ఒక్క మాట తనతో అనకుండా మొగుడు తీసేశాడని తెలీదు. అదీ అక్క కోసం తీసేశాడని అసలు తెలీదు.

ఇన్ని నెలలూ అక్క కోరుకున్నది ఇదేగా. తమ్ముడు పెళ్ళాన్ని కాదని తన వైపు నిలబడాలి. నిలబడ్డాడు. అక్క తెర వంక చూసింది, గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్," అంది, "నీ ఆట..."